వెదకినవారు ఆయనను ఎందుకు గుర్తుపట్టలేదు?

“వెదకుడి మీకు దొరకును” అన్న వాక్యం తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గోడల మీద, క్యాలెండర్ల మీద కనిపిస్తూనే ఉంటుంది. కొండమీద ప్రసంగంలో యేసు పలికిన ఆ మాటను మనసులో పెట్టుకుని సువార్తల చివరి అధ్యాయాలు చదివితే ఒక చిక్కు ఎదురవుతుంది. ఆదివారం చీకటితోనే ఆయనను వెదుక్కుంటూ సమాధికి వెళ్లినవారికి ఆయన అక్కడ దొరకలేదు. ఆ తరువాత ఆయనే వచ్చి ఎదురుగా నిలబడినప్పుడు, ఏళ్ల తరబడి వెంట తిరిగిన మనుషులే ఆయనను పోల్చుకోలేకపోయారు. తోటలో మరియ ఆయనను తోటమాలి అనుకుంది. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు ఆయనను ఎవరో బాటసారి అనుకున్నారు. తిబెరియ సముద్రపు ఒడ్డున నిలబడి పలకరించినవాడు యేసు అని పడవలో ఉన్న ఏడుగురికీ మొదట తెలియలేదు. క్రీస్తు లేచాడని చాటడానికి రాసిన గ్రంథాలు ఈ సంగతిని దాచకపోగా పదేపదే చెప్పడం యాదృచ్ఛికం కాదు. ఈస్టర్ కాలంలో “యేసును కలుసుకోవడం” అని సంఘం దేనిని అంటుందో తెలియాలంటే, ఈ గుర్తుపట్టకపోవడం వెనక ఉన్నదేమిటో ముందు తెలియాలి.

యోహాను సువార్త 20వ అధ్యాయంలోని మగ్దలేనే మరియతో మొదలుపెట్టడం సబబు, ఎందుకంటే సువార్తలన్నిటిలోనూ ఆమె అంత పట్టుదలగా వెదకినవారు మరొకరు లేరు. రాయి తీసివేసి ఉండడం చూడగానే ఆమె పరుగెత్తి పేతురుకు, మరో శిష్యుడికి చెప్పింది. వాళ్లు వచ్చి, సమాధిలోకి వెళ్లి, నారబట్టలను, విడిగా చుట్టిపెట్టి ఉన్న తల రుమాలును చూసి ఇళ్లకు తిరిగిపోయారు. ఆమె మాత్రం కదలలేదు. “నా ప్రభువును ఎవరో యెత్తికొని పోయిరి, ఆయనను ఎక్కడ ఉంచిరో నాకు తెలియలేదు” అన్న గోడు ఆమె నోట మూడుసార్లు వస్తుంది: ఒకసారి శిష్యులతో, ఒకసారి దేవదూతలతో, మూడోసారి తోటమాలి అనుకున్న యేసుతోనే. సమాధిలో దేవదూతలు కనిపించినా ఆమె నివ్వెరపోలేదు. ఆమె దృష్టంతా ఒక్క విషయం మీదే ఉంది: ఆయన దేహం ఎక్కడ?

ఇక్కడే చిక్కుముడి మొదటి పోగు దొరుకుతుంది. ఆమె ప్రేమలో కొరత లేదు, ఆమె వెదకులాటలో నిర్లక్ష్యం లేదు, కానీ ఆమె వెదుకుతున్నది చనిపోయిన యేసును. ఆయన చనిపోయాక ఆయన మనుషులు చేసిన పనులన్నీ మరణాన్ని అంగీకరించి చేసినవే. నీకొదేము ఇప్పటి కొలతలో 30 కిలోలకు పైగా బరువైన బోళం, అగరు తెచ్చి పాతిపెట్టించాడు. స్త్రీలు సుగంధద్రవ్యాలు సిద్ధపరచుకున్నారు. రాయి ఎవరు దొర్లిస్తారన్నదే వాళ్ల చింత. లూకా సువార్తలో సమాధి దగ్గర వినిపించే ప్రశ్న సరిగ్గా దీన్నే తాకుతుంది: “సజీవుడైనవానిని మీరెందుకు మృతులలో వెదకుచున్నారు?” మన ప్రాంతంలో చాలా ఊళ్లలో ఈస్టర్ తెల్లవారుజామున కుటుంబాలు సమాధుల తోటకు వెళ్లి, ముందే సున్నం వేసి ఉంచిన తమవారి సమాధుల మీద పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించి, అక్కడే ఆరాధన చేసుకుంటాయి. ఆ ప్రశ్నను వినడానికి అంతకన్నా తగిన చోటు ఉండదని నా నమ్మకం. తాత పేరు, తల్లి పేరు చెక్కిన రాళ్ల మధ్య నిలబడి వినేవారికి అది సిద్ధాంతంగా కాక, సూటిగా తమను అడిగినట్టే వినిపిస్తుంది.

మరియ ఆయనను గుర్తుపట్టింది చూపుతో కాదు. “మరియా” అని పిలిచిన క్షణంలో గుర్తుపట్టింది. అదే సువార్త 10వ అధ్యాయంలో మంచి కాపరి తన సొంత గొర్రెలను పేరుపెట్టి పిలుస్తాడని, అవి ఆయన స్వరాన్ని ఎరుగుతాయని ఉంది. యోహాను ఈ రెండు ఘట్టాలనూ ఒకే ఆలోచనతో రాశాడనిపిస్తుంది. అంతవరకు వెదుకుతున్నది ఆమె. పిలుపు వినిపించాక తెలిసింది, తనను వెదుక్కుంటూ వచ్చినవాడు ఎదురుగా ఉన్నాడని. వెదకడం వ్యర్థమని దీని అర్థం కాదు. మిగిలినవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయిన తరువాత కూడా ఆమె అక్కడే ఉండబట్టే ఆ పిలుపు వినగలిగింది. అయితే దొరకడం ఆమె శ్రమకు ఫలితంగా రాలేదు, ఆయన వైపు నుంచి దానంగా వచ్చింది.

ఈ ఘట్టానికి చరిత్రలో ఒక అన్యాయం కూడా జరిగింది. 591లో పోప్ మహా గ్రెగొరీ చేసిన ఒక ప్రసంగం మగ్దలేనే మరియను, లూకా 7లో యేసు పాదాలను కన్నీళ్లతో తడిపిన పేరులేని స్త్రీని, బేతనియ మరియను ఒకే మనిషిగా చెప్పింది. దానితో పశ్చిమ దేశాల సంఘాల్లో ఆమె ముఖ్యంగా పశ్చాత్తాపపడిన పాపిగా మిగిలిపోయింది. సువార్తల్లో దానికి ఆధారం లేదు. ఆమెలోనుంచి ఏడు దయ్యాలు వెళ్లిపోయాయని, తన ఆస్తితో యేసుకు, శిష్యులకు ఉపచారం చేసిన స్త్రీలలో ఆమె ఒకరని మాత్రమే లూకా చెబుతాడు. 2016లో కతోలిక సంఘం జూలై 22న వచ్చే ఆమె స్మరణ దినాన్ని అపొస్తలుల పండుగలతో సమానమైన స్థాయికి పెంచింది. “అపొస్తలులకు అపొస్తలురాలు” అన్న పాత బిరుదును మళ్లీ ముందుకు తెచ్చింది. ఆలస్యమైనా అది న్యాయమైన దిద్దుబాటు.

అయినా ప్రశ్న మిగిలే ఉంది. మూడు రోజుల క్రితం వరకు చూసిన ముఖాన్ని ఎలా మరిచిపోతారు? కన్నీళ్ల వల్ల మరియకు సరిగా కనిపించలేదని, ఇంకా చీకటిగా ఉందని కొందరు వివరిస్తారు. తోటలో జరిగినదానికి అది సరిపోవచ్చు. పట్టపగలు కొన్ని గంటలు పక్కనే నడిచిన ఎమ్మాయు శిష్యులకు సరిపోదు. అక్కడ లూకా, “వారాయనను గుర్తుపట్టలేకుండ వారి కన్నులు మూయబడెను” అంటాడు. మార్కు సువార్త చివర చేరిన భాగం ఆయన మారురూపంతో కనబడ్డాడని చెబుతుంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో విత్తిన గింజకూ మొలిచిన మొక్కకూ ఉన్న సంబంధాన్ని చూపి, లేచే శరీరం ఆత్మసంబంధ శరీరమని అంటాడు. వీటన్నిటినీ కలిపి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. యేసు మరణంనుంచి లేపిన లాజరు బ్రతికి వచ్చినప్పుడు అతణ్ణి గుర్తుపట్టడానికి ఎవరికీ ఇబ్బంది కలగలేదు, ఎందుకంటే అతడు పాత జీవితానికే తిరిగి వచ్చాడు, మళ్లీ ఒకనాడు చనిపోతాడు కూడా. యేసు పునరుత్థానం ఆ రకమైనది కాదని సువార్తికుల భావం. ఆయన వెనక్కి రాలేదు, మరణాన్ని దాటి ముందుకు వెళ్లాడు. మనిషి ఆయనే, గాయాలు కూడా ఆయనవే, కానీ పాత పరిచయం ఒక్కటే ఆయనను పోల్చుకోవడానికి చాలదు.

ఎమ్మాయు కథలో లూకా దీన్ని ఇంకా నెమ్మదిగా, ఇంకా లోతుగా విప్పుతాడు. యెరూషలేముకు ఆమడ దూరంలో ఉన్న గ్రామం అది. ఈనాడు దానికి మేమే వారసులమనే చోట్లు ఒకటికి మించి ఉన్నాయి. కొన్ని పురాతన ప్రతుల్లో దూరం కూడా వేరుగా ఉంది. ఊరు ఏదైనా, ఆ ఇద్దరు వెళుతున్న దిశ ముఖ్యం: యెరూషలేమును విడిచిపోతున్నారు. వారిలో ఒకరు క్లెయొపా, రెండోవారి పేరు లూకా చెప్పలేదు. అపరిచితుడు పలకరించగానే ఆగి, దుఃఖముఖులై జరిగినదంతా చెప్పారు. వాళ్ల మాటలను జాగ్రత్తగా చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. నజరేయుడైన యేసు ప్రవక్త అని వాళ్లకు తెలుసు. సిలువ వేశారని తెలుసు. ఇది మూడో దినమని తెలుసు. సమాధిలో దేహం లేదని, ఆయన బ్రతికి ఉన్నాడని దేవదూతలు చెప్పినట్టు స్త్రీలు వచ్చి చెప్పారని, కొందరు వెళ్లి చూస్తే అలాగే ఉందని కూడా తెలుసు. ఈనాటి ఈస్టర్ ప్రసంగంలో ఉండే సమాచారం దాదాపు అంతా వాళ్ల చేతిలో ఉంది. అయినా “ఈయనే అని మేము నిరీక్షించియుంటిమి” అని నిరీక్షణను గతంలోకి నెట్టేసి నడుస్తున్నారు. సమాచారం ఒక్కటే విశ్వాసమైపోదని చెప్పడానికి లూకా ఇంతకన్నా వేరే వాదన చేయనక్కరలేదు.

ఆయన మోషేతో మొదలుపెట్టి ప్రవక్తలందరి లేఖనాల భావాన్ని వారికి విప్పి చెప్పాడు. వారి హృదయం మండింది, కానీ కళ్లు తెరుచుకోలేదు. ఊరు దగ్గరపడ్డాక ఆయన ఇంకా ముందుకు వెళ్లబోతున్నట్టు కనిపిస్తే, “సాయంకాలము కావచ్చినది, ప్రొద్దు గ్రుంకినది, మాతోకూడ ఉండుము” అని బలవంతం చేశారు. ఎవరో తెలియని మనిషిని చీకటి పడే వేళ బాట మీద వదిలేయలేకపోయారు. భోజనానికి కూర్చున్నాక అతిథే గృహస్థు పని చేశాడు: రొట్టె పట్టుకుని, స్తోత్రం చేసి, విరిచి, వారికి ఇచ్చాడు. అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి, గుర్తుపట్టారు, ఆ వెంటనే ఆయన అదృశ్యుడయ్యాడు. అయిదువేల మందికి పంచినప్పుడు, చివరి రాత్రి భోజనంలో లూకా వర్ణించిన చేతల వరుస ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

ఇది ప్రభురాత్రి భోజన సంస్కారమా, ఒక పల్లె ఇంట్లో జరిగిన మామూలు రాత్రి భోజనమా అన్నదానిపై సంఘాల మధ్య పాత తర్జనభర్జన ఉంది. కతోలికులు, ఆర్థడాక్స్ వారు ఇందులో దివ్యసత్ప్రసాదాన్ని స్పష్టంగా చూస్తారు. ప్రొటెస్టెంటు వ్యాఖ్యాతల్లో చాలామంది ద్రాక్షారసం ప్రస్తావన లేదని, ఇది ఆతిథ్యమేనని జాగ్రత్త చెబుతారు. ఈ రెండింటినీ విడదీయవలసిన అవసరం లూకాకు ఉన్నట్టు నాకు తోచదు. దాదాపు 155 ప్రాంతంలో రోములో ఉన్న క్రైస్తవ బోధకుడు జస్టిన్, ఆదివారం క్రైస్తవులు ఏం చేస్తారో రాజుకు వివరిస్తూ రాసిన వర్ణనలో ముందు అపొస్తలుల జ్ఞాపకాలు లేదా ప్రవక్తల లేఖనాలు చదవడం, తరువాత పెద్ద ప్రబోధించడం, ప్రార్థన, ఆ పిమ్మట రొట్టె, పాత్ర అన్న క్రమం ఉంది. ఎమ్మాయు దారిలో జరిగినదీ అదే క్రమంలో ఉంది. మరోవైపు ప్రాచీన సంఘ వేదాంతి అగస్టీను, మహా గ్రెగొరీ ఇద్దరూ ఆతిథ్యం మీదే బలంగా నిలబడ్డారు. లేఖనం విన్నప్పుడు కాక, విన్నదాన్ని చేసినప్పుడు, అంటే పరదేశిని ఇంట్లోకి పిలిచినప్పుడు వాళ్ల కళ్లు తెరుచుకున్నాయని గ్రెగొరీ ప్రసంగ సారం. ప్రభు బల్ల దగ్గరకు క్రమం తప్పకుండా వచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని పట్టించుకోని భక్తికి ఈ కథలో చోటు లేదు.

గుర్తుపట్టిన క్షణంలోనే ఆయన కనబడకుండా పోవడం చదివినవారిని బాధిస్తుంది. కానీ ఆ ఇద్దరూ దిగులుపడలేదు. ఆ రాత్రే యెరూషలేముకు తిరిగి నడిచారు. ఇకమీదట ఆయనను కలుసుకోవడం కంటికి కనబడే రూపంతో ముడిపడి ఉండదన్న పాఠం అక్కడే మొదలైంది.

మరియతో ఆయన అన్న “నన్ను ముట్టుకొనవద్దు” అన్న మాట కూడా ఈ వెలుగులోనే అర్థమవుతుంది. మత్తయిలో స్త్రీలు ఆయన పాదాలు పట్టుకున్నారు, ఆయన వారించలేదు. ఎనిమిది రోజుల తరువాత తోమా అనే శిష్యుణ్ణి తన ప్రక్కలో చెయ్యి పెట్టమని ఆయనే పిలిచాడు. అందువల్ల ముట్టుకోవడమే అపరాధమని ఆ మాటకు అర్థం చెప్పడం కుదరదు. పరమగీతము 3వ అధ్యాయంలో రాత్రివేళ ప్రాణప్రియుణ్ణి వెదికే స్త్రీ, అతడు ఎదురుపడగానే వదలిపెట్టక పట్టుకుంటుంది. సమాధి దగ్గరి స్త్రీలను ఆ గీతంతో కలిపి చదవడం 3వ శతాబ్దపు క్రైస్తవ రచయిత హిప్పోలితు నాటికే ఉంది. యోహాను కథ ఆ చివరి అడుగు దగ్గర మాత్రం మలుపు తీసుకుంటుంది. పట్టుకుని ఉంచుకునే బదులు, “నా సహోదరులయొద్దకు వెళ్లి” చెప్పమన్న పని ఆమెకు అప్పగించబడుతుంది. ఆయన తండ్రి దగ్గరకు ఎక్కిపోతున్నాడు. ఆమె ప్రేమ ఇక ఆ తోటలోనే ఆగిపోకూడదు.

తోమా సంగతి వేరు. మన ప్రసంగాల్లో అతనికి అన్యాయమే ఎక్కువ జరుగుతుంది. గాయాలను చూసి, వాటిలో వేలు పెడితేనే గాని నమ్మనన్నాడు, కానీ అతను అడిగింది మిగిలిన శిష్యులకు అప్పటికే దొరికినదాన్నే. ఆదివారం సాయంత్రం యేసు వాళ్లకు తన చేతులను, ప్రక్కను చూపించాడు. పైగా నమ్మలేకపోయిన ఆ వారమంతా అతను శిష్యుల గుంపును విడిచిపోలేదు, వాళ్లు అతణ్ణి వెలివేయనూ లేదు. ఆయన మళ్లీ వచ్చేసరికి తోమా వాళ్లతోనే ఉన్నాడు. నిజంగా వేలు పెట్టి చూశాడని సువార్త ఎక్కడా చెప్పదు, “నా ప్రభువా, నా దేవా” అన్నాడని మాత్రం చెబుతుంది. గాయాలు మాసిపోని శరీరంతో లేచినవాడే ప్రభువని అందరికన్నా స్పష్టంగా ఒప్పుకున్నది అతనే. మన విశ్వాసానికి మిగిలిన శిష్యుల నమ్మకం కన్నా తోమా అపనమ్మకమే ఎక్కువ మేలు చేసిందని గ్రెగొరీ చెప్పినదాంట్లో సత్యం ఉంది. ఆ అపొస్తలుడు మైలాపూరు దగ్గర హతసాక్షి అయ్యాడన్న సంప్రదాయం దక్షిణ భారతంలో బలంగా ఉండడం వల్ల, “చూడక నమ్మినవారు ధన్యులు” అని అతనితో అన్న మాట మనకు మరింత దగ్గరగా వినిపిస్తుంది.

వృత్తాంతాలు ఒకదానితో ఒకటి పూర్తిగా సరిపోవని నిజాయితీగా ఒప్పుకోవాలి. మత్తయి గలిలయ కొండను ముందుకు తెస్తే, లూకా అంతా యెరూషలేము చుట్టూనే నడిపిస్తాడు. స్త్రీల సంఖ్య, దేవదూతల సంఖ్య మారుతుంది. సీనాయి, వాటికన్ అని పిలిచే 4వ శతాబ్దపు బైబిలు చేతిరాత ప్రతుల్లో మార్కు సువార్త స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న మాటతో ముగుస్తుంది. కొరింథీయులకు పౌలు ఇచ్చిన సాక్షుల జాబితాలో, 500 మందికి పైగా సహోదరుల ప్రస్తావన ఉన్నా, ఏ స్త్రీ పేరూ లేదు. ఈ తేడాలను బలవంతంగా అతికించడం కన్నా, నాలుగు సువార్తలూ ఏకమయ్యే చోట నిలబడడం మేలు: వారపు మొదటి రోజు, ఖాళీ సమాధి, మొదట అక్కడికి వచ్చిన స్త్రీలు, వారిలో ప్రతిసారీ మగ్దలేనే మరియ. స్త్రీల సాక్ష్యాన్ని న్యాయస్థానంలో ఒప్పుకోకూడదని యూదు చరిత్రకారుడు యోసేఫు రాసిన కాలం అది. 2వ శతాబ్దంలో కెల్సు అనే విమర్శకుడు ఒక ఉన్మాదినిని నమ్ముకున్నారని క్రైస్తవులను ఎగతాళి చేశాడు. కథను కల్పించదలచినవారు ఇలాంటి సాక్షులను ముందు నిలబెట్టి ఉండరన్న వాదన పునరుత్థానాన్ని రుజువు చేయదు గాని, వృత్తాంతాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం కుదరదని చూపుతుంది.

సంఘ సంవత్సరం ఈ సంగతులన్నిటినీ ఒక్క ఆదివారానికి కుదించకుండా 50 రోజులు పరిచింది. ఆరాధన పంచాంగాన్ని పాటించే సంఘాల్లో మొదటి వారాల్లో ఆయన కనబడిన ఘట్టాలే చదువుతారు. రెండో ఆదివారం తోమా వృత్తాంతం ఏటా వస్తుంది. నాలుగో ఆదివారం మంచి కాపరి. ఆ తరువాత పఠనాలు మెల్లగా మలుపు తిరిగి, సిలువకు ముందు రాత్రి యేసు తన ఎడబాటు గురించి, రాబోయే ఆదరణకర్త అయిన పరిశుద్ధాత్మ గురించి చెప్పిన మాటల్లోకి వెళతాయి. 40వ రోజు ఆరోహణం, 50వ రోజు పెంతెకొస్తు. కనబడిన ప్రభువు నుంచి కనబడకుండానే తోడుండే ప్రభువు వైపు విశ్వాసిని నడిపించడమే ఈ వరుస ఉద్దేశం. మన దగ్గర చాలా సంఘాల్లో శ్రమకాలపు 40 రోజులు ఉపవాస ప్రార్థనలతో, గుడ్ ఫ్రైడే ఏడు మాటల ప్రసంగాలతో నిండిపోయి, ఈస్టర్ సోమవారానికి అంతా ముగిసిపోతుంది. బాధకు 40 రోజులు ఇచ్చి ఆనందానికి ఒక్క ఉదయం ఇవ్వడం, అందులోనూ శిష్యులకే గుర్తుపట్టడానికి వారాలు పట్టిన సంగతిని మనం ఒక్క పూటలో గ్రహించగలమనుకోవడం, తప్పకుండా పునరాలోచించవలసిన అలవాటు.

యేసును కలుసుకున్నామంటే దర్శనమో, కలో, ఒళ్లు పులకరించే అనుభూతో ఉండి తీరాలన్న అంచనా కూడా మన సాక్ష్య కూటాల్లో బలంగా ఉంది. అలాంటి అనుభవాలను కొట్టిపారేయనక్కరలేదు. కానీ అవి కలగనివారు తమ విశ్వాసంలో లోపముందని కుమిలిపోవడం నన్ను బాధిస్తుంది, ఎందుకంటే సువార్తలు వారి పక్షాన ఉన్నాయి. గలిలయ కొండ మీద ఆయనను కళ్లారా చూసి మ్రొక్కినవారిలోనే కొందరు సందేహించారని మత్తయి దాచకుండా రాశాడు. తిబెరియ ఒడ్డున ఆయన రాత్రంతా వలలు వేసి ఏమీ పట్టలేక అలసిన మనుషులకు నిప్పుల మీద చేపలు కాల్చి, “రండి భోజనము చేయుడి” అన్నాడు. పేతురు ఆయనను ఎరుగనన్నది ఒక బొగ్గుల మంట దగ్గర. “నీవు నన్ను ప్రేమించుచున్నావా” అని మూడుసార్లు అడిగి, తన గొర్రెలను అతనికి అప్పగించింది మరో బొగ్గుల మంట దగ్గర. అక్కడ ఉన్నది ఉద్వేగం కాదు, తెగిన బంధాన్ని ఓపికగా అతికే పని.

ఈ కాలపు పఠనాల్లోనే, తరువాత పౌలు అని పేరుపొందిన సౌలు కథ కూడా వస్తుంది. మరియలా అతను వెదకలేదు, క్లెయొపాలా నిరీక్షించి నిరాశపడలేదు. శిష్యులను బంధించడానికి దమస్కుకు వెళుతున్నాడు. “నీవేల నన్ను హింసించుచున్నావు” అన్న స్వరంలో, తాను కొట్టబోతున్న మనుషులకూ లేచిన ప్రభువుకూ మధ్య ఎడం లేదని అతను తెలుసుకున్నాడు. అంత వెలుగు చూశాక కూడా మూడు రోజులు చూపు లేక, అన్నపానాలు మాని, తిన్ననిదనబడిన వీధిలో ఒక ఇంట్లో ఉండిపోయాడు. చూపు తిరిగి రావడానికి, బాప్తిస్మం పొందడానికి, మళ్లీ భోజనం చేయడానికి అననీయ అనే శిష్యుడు భయపడుతూనే వచ్చి, అతని మీద చేతులుంచి, “సౌలా, సహోదరుడా” అని పిలవవలసి వచ్చింది. సౌలు ఎవరిని బంధించడానికి వచ్చాడో, ఆ శిష్యుల్లో ఒకడు ఆ అననీయ.